నాచు డబ్బా

“మూడోది కూడా పోయింది!”

చచ్చిన చేపని తోక పట్టుకుని భూషణం మొహం ముందు ఆడించాడు ఇనుపగనుల గెస్ట్ హౌస్ మేనేజరు. “పదిరోజుల్లో ఢిల్లీ నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఈ కొండల్లో సముద్రం చేపలున్నాయని వాళ్లకి ముందే చెప్పుకున్నాను. మిగిలిన రెండూ పోయాయనుకో, నువ్వూ పోతావ్.”

“సార్, తొట్టిల నీళ్లు మార్చక తొమ్మిది రోజులైంది. సముద్రం నీళ్ల డబ్బాలు వైజాగ్ నుంచి ప్యాసింజర్ బండిల రావాలె. ఆ బండేమో దంతెవాడ కాడనే ఆపేస్తున్నరు, కిరండూల్ దాకా వస్తలేదు. నేనేం జెయ్యాలె?”

“అది నీ తలనొప్పి.” చేపని బుట్టలో పడేసి మేనేజరు జీపెక్కాడు.

భూషణం గాజుతొట్టి ముందు కూలబడ్డాడు. ఈ తొట్టికి నీళ్లు మార్చడం, అద్దాలు గీకడం, మేత వేయడం, ఇదే అతని ఉద్యోగం. అదీ కాంట్రాక్టు మీద. యాభై మూడేళ్లవాణ్ణి ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? తొట్టిలో మిగిలిన రెండు నారింజరంగు చేపలూ పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి.

“దండం పెడత తల్లీ, పది రోజులు ఊపిరి పట్టుకోండ్రి” అన్నాడు వాటితో.

పక్కనే నేల ఊడుస్తున్న పనిమనిషి లక్మే కిసుక్కున నవ్వింది. “చేపలకి దండమేంది అన్నా? మా ఊర్ల అయితే ఆకుల చుట్టి నిప్పుల మీద పెడతరు.”

“నవ్వకు. నా బతుకు గూడ ఆ నిప్పుల మీదనే ఉంది.”

ఆ పూటంతా ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఒకాయన ఏదో భాషలో చెబుతున్నాడు. మాట అర్థం కాలేదు గానీ చేసే పని అర్థమైంది. దాని పేరు రెఫ్యూజియం అట. పెద్ద తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి, దాంట్లో సముద్రపు నాచు, పైన లైటు.

వెంటనే వైజాగ్‌లో నీళ్లు నింపి పంపేవాడికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. ప్యాసింజర్ రాకపోయినా ఇనుపరాయి గూడ్సు బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. నీళ్ల డబ్బాలు ఎక్కనివ్వరు గానీ, తడి గోనెసంచిలో చుట్టిన నాచు ఒక డ్రైవరు చేతిలోంచి ఇంకో డ్రైవరు చేతిలోకి మారుతూ వస్తుందన్నాడు వాడు.

ఈలోపు భూషణం ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా పైభాగం కోసేసి, తొట్టి కింద బల్ల మీద పెట్టాడు. పైనుంచి నీళ్లు దిగడానికి ఒక పైపు వేశాడు. మళ్లీ పైకి ఎక్కించడానికి పాత కూలర్ మోటారు పెట్టాడు.

పైపు పట్టుకుని నిలబడ్డ లక్మే అడిగింది. “ఇది ఏం జేస్తదన్నా?”

“చేపల మురికి కిందికి దిగుతది. నాచు దాన్ని తింటది. తేట నీళ్లు మళ్ల పైకి పోతయి.”

“అంటే చేపల ఉచ్చ తాగి బతుకుతదా నీ నాచు? ఛీ!”

మూడోరోజు భూషణం లైటు కొనడానికి బజారుకి వెళ్లొచ్చేసరికి వెనక వరండాలో లక్మే పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆమె చేతిలో గిన్నె, గిన్నెలో పచ్చగా నిగనిగలాడుతున్న నాచు.

“డ్రైవరు ముత్తయ్య తెచ్చి ఇచ్చిండు. ఎర్రదుమ్ము కొట్టుకొని ఉండె. నల్లా కింద మూడు సార్లు కడిగిన, చూడు.”

భూషణం గిన్నె లాక్కున్నాడు. కిరండూల్‌లో ఏ ఇంట్లోనైనా అంతే. బండి మీద వచ్చింది ఏదైనా కడగకుండా గడప దాటనివ్వరు.

“కడిగినవా? నల్లా నీళ్లతోనా? దాంట్ల మురికి తినే సముద్రం పురుగులుంటయే! ఉప్పునీళ్లు లేకుంటే అవీ సస్తయి, నాచూ సస్తదే!”

“పురుగులున్నయనే గద కడిగిన!”

భూషణం నెత్తి కొట్టుకున్నాడు. వరండా మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లక్మే నవ్వు ఆగిపోయింది. “ఏడ్వకన్నా... అది చుట్టి తెచ్చిన గోనెసంచి అయితే కడగలే. చెత్తకుప్పల ఏసిన” అంది గొణుగుతూ.

ఇద్దరూ పరుగెత్తారు. చెత్తకుప్పలో టీ పొట్టు కింద సంచి దొరికింది. భూషణం దాన్ని తిరగేశాడు. మూలన పిడికెడు నాచు అతుక్కుని ఉంది. ఎండకి ఎత్తి చూశాడు. నూగుగింజకన్నా చిన్నవి, రెండో మూడో కదులుతున్నాయి.

“ఉన్నయే లక్మే! బతికున్నయే!”

ఆ పిడికెడూ డబ్బాలో వేసి లైటు వెలిగించి మోటారు ఆన్ చేశాడు. మర్నాటికి ఒక చేప పక్కకి ఒరిగింది. భూషణానికి అన్నం దిగలేదు. మూడోనాటికి అది నిటారైంది. అయిదోనాటికి నాచు రెండు పిడికిళ్లయింది, చేపలు అడుక్కి దిగి గులకరాళ్ల మధ్య ఒకదాన్నొకటి తరుముకున్నాయి. నీళ్లు అద్దంలా మెరిశాయి. లక్మే తనే డబ్బాకి దండం పెట్టింది.

ఢిల్లీవాళ్లు వచ్చారు. తొట్టి ముందు నిలబడి ఫోటోలు దిగారు. వాళ్ల కార్లు గేటు దాటగానే మేనేజరు పరుగున వచ్చి భూషణం భుజం మీద చెయ్యి వేశాడు.

“శభాష్! నీళ్లు తెప్పించకుండా ఎలా బతికించావయ్యా?”

“ఈ నాచు డబ్బా సార్. ఇంక ఎప్పుడో నెలకోసారి రెండు డబ్బాల నీళ్లు తెప్పిస్తే సాలు.”

“అద్దాలు గీకడం?”

“పాచే పడతలేదు సార్!” భూషణం గర్వంగా డబ్బా వైపు చెయ్యి చూపించాడు. “అంతా దానంతటదే నడుస్తది.”

“భలే!” మేనేజరు ఆ చెయ్యి భుజం మీంచి తియ్యకుండానే రెండో చేత్తో కాంట్రాక్టరుకి ఫోన్ కలిపాడు. “ఒకటో తారీకు నుంచి మాకు భూషణం అక్కర్లేదండీ, ఆ చిటికెడు మేతేదో లక్మే వేస్తుంది.”