నీలం మూత డబ్బా

“ఇందులో వేరుశనగ ఉందమ్మా.”

గిన్నెలు కడగడానికి వచ్చిన మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి అంది. చేతిలో విరిగిన బిస్కెట్ ముక్క.

టైలరుకు ఒళ్లు మండింది. మండదా మరి? తెల్లవారకముందే లేచి, నక్షత్రాల అచ్చుతో ఒక్కొక్కటీ కోసి కాల్చిన బిస్కెట్లవి.

“నేనే చేశాను. వేరుశనగ వెయ్యలేదు.”

ఏటా సెలవులు ఇవ్వగానే ముగ్గురు స్నేహితురాళ్లు ఇంట్లో చేసిన బిస్కెట్లు తెచ్చి మార్చుకుంటారు. ఈసారి నర్సు ఇంట్లో. నియమం ఒక్కటే, వేరుశనగ వాడకూడదు. లైబ్రేరియన్ కూతురికి అది పడదు. ఒక్క పలుకు లోపలికి పోయినా గొంతు వాచి ఊపిరాడదు.

“కొంచెమే ఉండొచ్చమ్మా. నాలుకకు తెలుస్తోంది.”

“నీ నాలుక సంగతి నాకెందుకు? అసలు నా బిస్కెట్ నిన్నెవరు తినమన్నారు?”

“నేనే అక్కా,” అంది నర్సు ఇబ్బందిగా. “విరిగినవి తినమన్నాను. మా పనమ్మాయి రాలేదు, బదులుగా ఈవిడను పంపింది. పోనీలే.”

ఆ మనిషి హాల్లో ఆడుకుంటున్న లైబ్రేరియన్ పాప వైపు ఒకసారి చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున పాపను దింపి వెళ్లిన లైబ్రేరియన్ సాయంత్రం కింద స్కూటరు ఆపి హారన్ కొట్టింది. పాపకిచ్చే బిస్కెట్ల సంచీ తేబోయిన టైలరు గుమ్మంలోనే ఆగిపోయింది.

పాప సంచీ మీద వంగి ఉంది ఆ మనిషి. చేతిలో టైలరు తెచ్చిన నీలం మూత డబ్బా.

“ఏం చేస్తున్నావక్కడ?”

ఆవిడ డబ్బా మూత గట్టిగా నొక్కింది.

“చిన్నపిల్ల సంచీలోంచి తియ్యడానికి చేతులెలా వచ్చాయి నీకు?”

“అత్తా, ఆవిడా...” అని పాప ఏదో చెప్పబోయింది. ఆ మనిషి వద్దన్నట్టు తలూపింది.

టైలరు డబ్బా లాక్కుని సంచీలో కుక్కి, జిప్పు బిగించింది.

“ఇంటికెళ్లగానే ముందు అత్తవే తిను తల్లీ. సరేనా?”

నర్సు ఆ మనిషికి తలుపు చూపించింది. “ఇంక మా ఇంటికి రావద్దు.”

ఆవిడ తడి చేతులు తుడుచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

టైలరు ఇంటికి వచ్చి మిక్సీ జారు కడగబోయింది. బ్లేడు విప్పితే అడుగున ఏదో గోధుమరంగు ముద్ద.

వాసన చూసింది.

“ఏమండీ, ఇందులో ఏం రుబ్బారు?”

“వేరుశనగ. రొట్టెకు రాసుకుందామని నిన్న రుబ్బా,” అన్నాడు మొగుడు. “కడిగే పెట్టానుగా.”

ఈయనగారి కడగడం అంటే నీళ్లు పోసి పారబొయ్యడం. పొద్దున ఆమె పంచదార పొడి కొట్టింది ఆ జారులోనే.

లైబ్రేరియన్‌కు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. మధ్యలో నాలుగు వీధులున్నాయి. ఊపిరి అందడం లేదు. నా చేతులతో నేనే పెట్టాను, ముందు నావే తినమన్నాను, దేవుడా, పిల్ల బతికుంటే చాలు. కాళ్లు తడబడి పడిపోయింది. లేచి మళ్లీ పరుగెత్తింది.

తలుపు తీసే ఉంది. పాప నేల మీద కూర్చుని ఉంది. ముందు నీలం మూత డబ్బా. మూతి నిండా పొడి.

“ఎన్ని తిన్నావు?”

“మూడు. నువ్వే కదా తినమన్నావు.”

టైలరు పాప గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. స్నానాల గదిలోంచి తడి జుట్టుతో వచ్చింది లైబ్రేరియన్.

“ఇంజెక్షన్ తే. వేరుశనగ పడింది, నా వల్లే.”

తల్లి ముఖం పాలిపోయింది. సూదిమందు తెచ్చి పాప పక్కన కూలబడింది. ఇద్దరూ పిల్ల గొంతు వైపే చూస్తూ కూర్చున్నారు. అయిదు నిమిషాలు. పది.

“నాకేం కాలేదమ్మా,” అంది పాప విసుగ్గా.

లైబ్రేరియన్ డబ్బాలోకి తొంగిచూసింది. “నువ్వు నక్షత్రాలు కదా చేశానన్నావు? ఇవి గుండ్రంగా ఉన్నాయే.”

టైలరు అప్పుడు చూసింది. అవి నర్సు చేసిన బిస్కెట్లు. మూత అంచున ఇంకా నీటి తడి ఉంది.

“గిన్నెలు కడిగే ఆవిడ నీవి పారేసింది అత్తా,” అంది పాప. “డబ్బా సబ్బుతో కడిగి, నర్సత్తవి సర్దింది. మళ్లీ సంచీలో పెడుతుంటే నువ్వు తిట్టావు.”

టైలరు నర్సుకు ఫోన్ చేసింది.

“ఆవిడ ఎక్కడుంటుంది?”

“ఏమో అక్కా. మా పనమ్మాయికీ సరిగ్గా తెలీదట. ఈ ఊళ్లో పని దొరకడం లేదని ఇవాళే ఎటో వెళ్లిపోతోందట. ఏం, ఇంకేమైనా పోయిందా?”

టైలరు ఫోన్ పెట్టేసింది.

“నాకు తెలుసు ఆవిడ,” అంది పాప. “మా బడిలో వంటమ్మగా ఉండేది.”

పోయినేడు పాప బడిలో అన్నం తిని కళ్లు తిరిగి పడిపోయినప్పుడు, తప్పంతా వంటమనిషిదేనని టైలరు తనే ఫిర్యాదు కాగితం రాసి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి, ముఖమైనా చూడకుండా కొలువులోంచి తీయించింది ఆవిణ్ణే.