గంగక్క చిటికెడు పొడి

గంగక్క ఇంట్లో ఏం దొంగిలించాలో రమణకు ఆ మధ్యాహ్నమే తెలిసిపోయింది.

ఉన్న పొలమంతా అమ్మి బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డున రిసార్టు కట్టిన మనిషి అతను. సొంతంగా ఇప్పపూల వైన్ చేసి సిటీవాళ్లకు తాగించాలని ఆశ. ఎంత చేసినా కుడితిలాగే వస్తోంది. అది కుదరకపోతే రిసార్టుకు తాళమే. అందుకే టూరిస్టులా టోపీ పెట్టుకుని, పినపాక దాటి అడవి పల్లెల్లో ఇంటింటి సరుకూ రుచి చూస్తూ తిరుగుతున్నాడు. కిటుకు అడిగితే పువ్వు, నీళ్లు, ఓపిక అన్నారు అందరూ. ఓపికతో ఇంత రుచి వస్తుందంటే రమణ నమ్ముతాడా? వీళ్లు మహా గడుసువాళ్లు అనుకున్నాడు.

గంగక్క తన ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఒకే కుండలోంచి ఆకు దొప్పల్లో పోసింది. మొగుడు గోపాలు దొప్ప దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోపలికి వెళ్లి, దూలం సందులోంచి పొట్లం తీసి, చిటికెడు పొడి కలిపింది. తడిక సందులోంచి రమణ చూడనే చూశాడు. గోపాలు అది గుటుక్కున మింగి, కళ్లలో నీళ్లతో ఇంటి వెనక్కి నడిచాడు.

అంత ఘాటైన సరుకు మొగుడికి, ఉత్త నీళ్లు మనకా అని రమణకు ఒళ్లు మండింది.

గోపాలును చాటుకు పిలిచి మెల్లగా పొట్లం మాటెత్తాడు. గోపాలు అటూ ఇటూ చూశాడు.

"గంగి ఇప్పుడు వాగుకు నీళ్లకు పోతది సారూ. నేను గీడనే కావలుంట. మీరు జల్దీ కానియ్యండి."

ఇంత తెలివితక్కువవాడితో ఎలా కాపురం చేస్తోందోనని రమణకు గంగక్క మీద జాలి కూడా వేసింది. పొట్లం జేబులో పడ్డాక గోపాలు దండం పెట్టి మరీ సాగనంపాడు.

రిసార్టు ప్రారంభానికి హైదరాబాద్ నుంచి వైన్ క్లబ్బువాళ్లు దిగారు. రమణ పొడి మొత్తం పీపాలో కలిపేశాడు. వాళ్లు గ్లాసులు తిప్పి, వాసన చూసి, అడవి గాలి తగులుతోందని ఒకరు, తొలకరి మట్టి తెలుస్తోందని ఒకరు కళ్లు మూసుకున్నారు. రమణ పొంగిపోయి తనూ రెండు గ్లాసులు పట్టించాడు. కాసేపటికి క్లబ్బువాళ్లు ఒక్కొక్కరే కళ్లలో నీళ్లతో రిసార్టు వెనక్కి నడిచారు. అచ్చం గోపాలులాగే అని మురిసిపోయి, రమణ కూడా వాళ్ల వెనకే పరుగెత్తాడు.

ఆ తర్వాత వాళ్లలో ఒక్కరూ రిసార్టు గడప తొక్కలేదు. ఫోన్ కూడా ఎత్తలేదు. రిసార్టుకు తాళం పడింది.

రమణ మళ్లీ గంగక్క ఇంటికి వచ్చాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. ఇప్పపూల వాసనకే కడుపులో తిప్పుతోంది. అరుగు మీద గోపాలు నిండు దొప్పతో హాయిగా కూర్చున్నాడు. మనిషి కాస్త ఒళ్లు కూడా చేశాడు.

రమణ సిగ్గు విడిచి దొంగతనం ఒప్పుకున్నాడు.

"అండ్ల ఏం కలిపినవ్ గంగక్కా? నా బతుకు ఆగమైంది."

గంగక్క మొగుడి వైపు ఒక చూపు చూసింది. గోపాలు మొహం తిప్పుకున్నాడు.

"గది రుచికి కాదు సారూ," అంది గంగక్క. "మా ఇంటాయనతోని తాగుడు మాన్పియ్యనీకి నాటువైద్యుని కాడ తెచ్చిన మందు."