రెండు చప్పట్లు

“నడిమిట్ల నడవకు దేవన్నా! అది దేవుడి తొవ్వ. పక్కనుంచి రావాలె.”

ఖమరుద్దీన్ మాటకు దేవయ్య చటుక్కున పక్కకు జరిగాడు. గల్ఫులోని ఖురం సైటు ఆఫీసు ముందు తన చేతులతో నిలబెట్టిన గేటది. షట్టరింగు కర్రలే రెండు స్తంభాలు, పైన రెండు అడ్డ దూలాలు, ఎర్ర రంగు.

డ్రైవరు ఖమరుద్దీన్ పూర్వం ఓడలో పనిచేసినప్పుడు జపానులో ఒక పాతకాలపు గుడినీ, దాని ముందు ఇలాంటి గేటునూ చూసొచ్చాడు. కొత్తగా వచ్చిన పెద్ద ఇంజనీరుది జపానేనని ముఖం చూసే తేల్చేశాడు. లారీల కంపెనీ పంచిన 1977 క్యాలెండరు మీద అలాంటి గుడి బొమ్మే ఉంది. సారు మాత్రం ఆ బొమ్మను గోడవైపు తిప్పి పెట్టేవాడు.

“దుమ్ము పడొద్దని! ఎంత భక్తో సూడు” అన్నాడు దేవయ్య.

ఆ భక్తి మీదే అతని ఆశంతా. బిడ్డ పుట్టి రెండేళ్లయినా ముఖం చూడలేదు. సెలవడిగినప్పుడల్లా సారు తల అడ్డంగా ఊపుతున్నాడు.

“గేటు సూస్తె మనసు కరుగుతదంటవా?”

“పక్కా! చేతులు కడుగు, నోరు పుక్కిలించు. రెండుసార్లు వంగు, రెండు చప్పట్లు కొట్టు, మళ్లా ఒకసారి వంగు.”

“సప్పట్లెందుకు? మనం గంట కొడ్తం గద!”

“గంట కూడ ఉంటది. నీకు కర్రలే దొరికినయ్.”

కారు ఆగింది. సారు దిగి, గేటు చూసి కొయ్యబారిపోయాడు. దేవయ్య రెండుసార్లు వంగి చప్పట్లు చరిచాడు. ఆ చప్పుడుకు సారు ఉలిక్కిపడి, తనకు తెలియకుండానే వంగాడు. మళ్లీ వంగాడు. రెండు చప్పట్లు కొట్టాడు. ఇంకోసారి వంగాడు. ఎక్కడా తప్పు పోలేదు. లేచేసరికి కళ్లనిండా నీళ్లు.

ఖమరుద్దీన్‌ను పక్కకు పిలిచి, వేళ్ల కణుపుల మీది పాత మచ్చలు చూపిస్తూ ఏదో చెప్పి, విసురుగా లోపలికి వెళ్లిపోయాడు.

“ఏమన్నడు?” దేవయ్య ఆత్రంగా అడిగాడు.

“చిన్నప్పుడు బడిలో రోజూ ఇట్లనే మొక్కించిన్రట. సరిగ్గ వంగకపోతె బెత్తంతోని కొట్టిన్రట.”

“అబ్బ! గట్ల నేర్పితెనే గింత భక్తి! మరి నా సెలవు?”

“రేపే టికెట్టు.”

దేవయ్య పరుగున వెళ్లి గేటుకు మళ్లీ దండం పెట్టాడు.

“మళ్లా రావద్దట” అన్నాడు ఖమరుద్దీన్ మెల్లగా.

“గంత మంచిగ మొక్కినంక గుడ? ఎందుకే?”

ఖమరుద్దీన్ తల దించుకున్నాడు.

“సారుది కొరియా దేవన్నా, కొట్టింది అప్పుడు వాళ్లనేలిన జపానోళ్లు.”