బండి కింద మనిషి

బండి కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి.

ఆదిలక్ష్మి టీ గ్లాసు అక్కడే పెట్టేసి పరుగెత్తింది.

"ఎవురయ్యా అది? ఏం జేస్తుండావు ఆడ?"

ముందు దగ్గు వినిపించింది. తర్వాత మనిషి వచ్చాడు. అరవై ఐదేళ్లుంటాయి. ఖాకీ చొక్కా నిండా మట్టి.

"ఏం లేదమ్మా. వెనక ఇరుసుకి కడ్డీ ఒకటి బిగించుండారే, దాన్ని చూస్తుండా."

ఆ కడ్డీ పేరెత్తితే చాలు, ఆదిలక్ష్మికి ఒళ్లు మండుతుంది.

ఆడమనిషి లోడు బండి తోలడమేమిటని వాషర్‌మెన్‌పేట్‌లో నవ్వనివాళ్లు లేరు. అయినా ఆమె ఈ సెకండ్ హ్యాండు పికప్ కొని, ఆరు నెలలుగా వాళ్ల ముందే తోలుతోంది. మోసేది సౌకార్‌పేట ముఖేష్ సేటుకి గాజుల పెట్టెలు. వాన నీళ్లకు భయపడి సేటు గోడౌన్ ఎత్తులో కట్టించాడు. ఎక్కే ర్యాంపు గోడలా నిటారుగా ఉంటుంది.

నిండు లోడుతో అది ఎక్కుతుంటే బండి వెనక ఇరుసు మెలి తిరిగి, చక్రాలు ఎగిరెగిరి పడతాయి. అలా తిరగకుండా ఇరుసుని ఛాసిస్‌కి కలిపి పట్టేదే ఆ కడ్డీ. ట్రాక్షన్ బార్ అంటారు. పాత ఓనరు ఎవరిచేతో వేయించాడు. అది ఉంటే బండి ర్యాంపు బుద్ధిగా ఎక్కుతుంది గానీ, రోడ్డు మీద అరచేతంత గుంట వచ్చినా దబ్బున కొడుతుంది. ఉంచితే రోడ్డు మీద గాజులు పగులుతాయి, తీసేస్తే ర్యాంపు మీద పగులుతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మంగళవారం లోడే ఆఖరు. ఒక్క పెట్టె గలగలమన్నా వేరే బండి పెట్టుకుంటా" అనేశాడు సేటు.

"ఆ లోడు నాదే. విడిచేది లేదు" అని వచ్చేసింది ఆదిలక్ష్మి.

"ఈ కడ్డీకి ముందు చివర ఊగాలమ్మా" అన్నాడు పెద్దాయన. "లోడు పడితే కమాను కట్టలు, అదే స్ప్రింగు పట్టీలు, చదునవుతాయి. ఇరుసు రవ్వంత వెనక్కి జరగాల. ఈడ రెండు బోల్టులేసి బిగదీసేసినారు. ఇంక కమాను ఎట్టా కదులుతాది? ఆ దెబ్బంతా నీ సరుకుకే. అసలు ఇది..."

"బిగించిన వెధవ దొరకాల, వాడి చేతులిరగ్గొడతా! నీకెందుకు పెద్దాయనా? పాత ఇనుము ఏరుకోనొచ్చినావా? పో పో."

పెద్దాయన వెళ్లిపోయాడు.

శనివారం మళ్లీ వచ్చాడు.

"ఒక్క గంట బండి ఇయ్యమ్మా. నువ్వేం ఇయ్యబళ్లే."

"ఊరికే చేస్తాననేవాణ్ని అసలే నమ్మను. నడువు."

సోమవారం కూడా వచ్చాడు. జిడ్డు మనిషి. ఆదిలక్ష్మి బకెట్టుతో నీళ్లు ఎత్తేసరికి వెనక్కి తగ్గాడు.

మంగళవారం లోడుకు బయల్దేరేముందు ఆమె నాలుగు ముద్దలు తినడానికి ఇంట్లోకి వెళ్లింది. బయటికి వచ్చేసరికి బండి కింద అవే కాళ్లు. పక్కన ఊడదీసిన రెండు బోల్టులు.

"దొంగ! పార్టులు ఊడబెరుకుతుండాడు!"

వీధి వీధంతా కదిలింది. కాళ్లు పట్టి బయటికి లాగారు. ఒకడు చెంప మీద కొట్టాడు. ఇంకొకడు చొక్కా చించాడు. ఆయన తిరగబడలేదు.

"ఒక్క నట్టు తల్లీ! ఆ ఒక్క నట్టు బిగించి పోతా."

"చాలు. పోలీసులకి ఇయ్యకముందే పో" అంది ఆదిలక్ష్మి.

పెద్దాయన పెదవి మీద నెత్తురు తుడుచుకున్నాడు. తన స్పానరు కూడా తీసుకోలేదు.

"నట్టు మరవబాకమ్మా" అని మాత్రం అని, వీధి మలుపు తిరిగిపోయాడు.

ఆమె పరుగున పోయి మెకానిక్ కన్నియప్పన్‌ని పిలుచుకొచ్చింది. అతను బండి కిందికి దూరాడు.

"ఏం ఎత్తుకుపోయినాడన్నా?"

"ఏమీ ఎత్తుకుపోలా. ఇచ్చిపోయినాడు. ముందు చివర ఊగేదానికి కొత్త షాకిల్ ఒకటి తయారుచేసుకొచ్చి వేసుండాడు. మేలైన పని. ఒక్క నట్టే మిగిలుండాది."

కన్నియప్పన్ ఆ నట్టు బిగించాడు.

ఆ మధ్యాహ్నం బండి గుంటల్లో దిగి లేచింది గానీ కొట్టలేదు. ర్యాంపు మీద చక్రం ఎగరలేదు. సేటు నాలుగు పెట్టెలు విప్పి చూశాడు. ఒక్క గాజూ పగల్లేదు.

"శుక్రవారం కూడా నువ్వే రా" అన్నాడు.

ఆరు నెలలుగా ఆమె ఎదురుచూసిన మాట అది. విన్నాక సంతోషం రాలేదు, సిగ్గేసింది. తిరిగొస్తూ బస్టాపుల్లో వెతికింది, టీ కొట్లలో అడిగింది. చొక్కా చిరిగిన పెద్దాయన్ని చూసినవాళ్లు లేరు. చివరికి కన్నియప్పన్ షెడ్డు ముందు బండి ఆపింది.

"ఆయన కాళ్లు పట్టుకోవాలన్నా. ఎవురో ఏమో, పేరన్నా అడగలే. సొంత మనుషులే పట్టించుకోని బండికి ఆయనెందుకు అంత పాటుపడినాడు?"

"అదే నాకూ అర్థం కాలా. ఉండు, ఇంకోసారి చూస్తా" అని కన్నియప్పన్ టార్చి తీసుకుని బండి కిందికి దూరాడు. టార్చి రెండు చోట్లకి మార్చి మార్చి వేసి చూశాడు.

"ఏందన్నా?"

"వెల్డింగు కూడా చేతిరాత మాదిరే చెల్లెమ్మా. అందరం ఎడమ నుంచి కుడికి లాగుతాం. కొత్త షాకిల్ మీద అతుకు కుడి నుంచి ఎడమకుండాది, చివర కొక్కెం మాదిరి తిప్పి ఆపినాడు. ఛాసిస్‌కి ఆ పాత కడ్డీ పట్టీని అతికినారే, తుప్పు పట్టుండాదే, అదీ ఇట్టాగే ఉండాది."

"అంటే?"

"అప్పుడు తప్పుగా బిగించిన చెయ్యీ, ఇయ్యాల వచ్చి దిద్దిన చెయ్యీ ఒకటే."