మూడో కంచం

"ఇది రాత్రి భోజనం," అన్నాడు మామగారు కంచం లాక్కుంటూ. తెల్లవారుజామున మూడింటికి బేకరీ పొయ్యి వెలిగించాలి గనక ఆయన ఆరింటికే పడుకుంటాడు.

"కాదు మామయ్యా, టిఫిను," అంది కోడలు ఆవలిస్తూ. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు, ఇప్పుడే నిద్ర లేచింది.

గడియారంలో సాయంత్రం ఐదైంది.

"నువ్వు చెప్పవే, ఎవరిది రైటు?" మామగారు భార్యనడిగాడు.

"నన్ను లాగకండి మీ గొడవలోకి," అంటూ అత్తగారు మూడో కంచం పెట్టుకుని కూర్చుంది. గబగబా నాలుగు ముద్దలు తినేసింది.

కోడలి ఆవలింత ఆగిపోయింది. "అత్తయ్యా, మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"ఇదిగో, ఇదే."

"ఇప్పుడా!"

"ఆయన బేకరీలో, నువ్వు నిద్రలో. ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదే తల్లీ."

మామాకోడళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కోడలు కూరగిన్నె అత్తగారి వైపు జరిపింది.

"మనిద్దరం ఓడిపోయాం మామయ్యా. ఇది మధ్యాహ్న భోజనం."

కిటికీలో పొద్దు వాలుతోంది. మామగారు తువ్వాలుతో లేని చెమట తుడుచుకున్నాడు.

"అబ్బ, మిట్టమధ్యాహ్నం ఏం ఎండ! ఆ ఫ్యాను వెయ్యమ్మా, మీ అత్తయ్య తింటోంది."