నూనె ముట్టని మిషను

చక్రం ఎంత తిప్పినా బల్ల కదలలేదు. అబ్దుల్ గనీ రెండు చేతులా పట్టి బలంగా తిప్పాడు. చిత్రిక మిషను ఒకసారి మూలిగింది. బల్ల సగంలోనే బిగుసుకుపోయింది.

మిషను ఆపి బల్ల జారే గాడిలోకి వేలు పోనిచ్చాడు. జిగట. నూనె, రంపపు పొట్టు కలిసి బెల్లం పాకంలా పట్టేశాయి.

నిరుడు ఇలాగే గ్రీజు ముద్దకట్టి బల్ల బిగుసుకుంటేనే అతని కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. చెయ్యి మానాక పనివాడు మద్దయ్యను పక్కన పెట్టుకుని గ్రీజు, ఇంజను నూనె, మైనం, బళ్లారి నుంచి తెప్పించిన గ్రాఫైటు పొడి వేరువేరు రేకు ముక్కలకు పూశాడు. పైన పొట్టు చల్లి మరునాడు దులిపి చూస్తే, గ్రాఫైటు రేకు ఒక్కటే శుభ్రంగా మిగిలింది.

"ఇంక మిషనుకు ఈ పొడే. నూనె చుక్క తగలకూడదప్పా," అన్నాడు గనీ ఆ రోజు.

"తగలనిస్తే నా పేరు మద్దయ్యే కాదన్నా," అన్నాడు మద్దయ్య.

ఆ మద్దయ్యే ఇప్పుడు చేతిసంచితో వడ్రంగి కొట్టులోకి వచ్చాడు. నిన్న సెలవడిగి ఎమ్మిగనూరు పోయి, పొద్దున బస్సు దిగి నేరుగా వస్తున్నాడు. బడి బల్లల పని తొందరలో ఉందని గనీ ఒక్కడే మిషను మొదలుపెట్టాడు.

"నూనె పోసిందెవురు?"

మద్దయ్య గాడిలో వేలు పెట్టి తీసి వాసన చూశాడు.

"పలకవేంటికప్పా? ఎమ్మిగనూర్లో శేషన్న కొత్త కోత మిల్లు పెట్టినాడంట. పిలిచినాడా నిన్ను?"

"పిలిచినాడు. రానని సెప్పొచ్చినా."

"సెప్పొచ్చినావో, నా మిషను చెడగొడతానని మాటిచ్చొచ్చినావో! శుక్రవారం వస్తే చాలు, నాకంటే ముందొచ్చి తలుపేసుకుంటావు. కిరసనాయిలు గుడ్డలు పొట్టు కింద దాచిపెడతాండావు. నేను చూడలేదనుకున్నావా?"

"మిషను తుడుస్తాన్నా, అంతే."

"నూనే పొయ్యని మిషనుకు కిరసనాయిలుతో తుడిచేదేముందిరా?"

మద్దయ్య వంగి పొట్టు కింది గుడ్డ తీసి గాడి తుడవబోయాడు. అది చూసి గనీకి ఇంకా మండింది. వేళ్లు తెగిన రోజు తనను వీపున వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తిన మనిషి!

"తాళంచెవి ఆడ పెట్టి పో."

మద్దయ్య చెవి బల్లమీద పెట్టాడు. గడప దగ్గర ఆగాడు.

"కిరసనాయిలుతో కడిగినంక తిప్పన్నా. అంతవరకు బల్ల కింద చెయ్యి పెట్టొద్దు." కొంచెం తటపటాయించాడు. "ఇంట్లో హసీనక్క అడిగితే, నేనే మానుకున్నానని సెప్పు."

మొహం చెల్లక అంటున్నాడనుకున్నాడు గనీ.

మధ్యాహ్నం ఇంటికి పోయి, తలుపు పక్క మేకుకు వేలాడే కొట్టు రెండో తాళంచెవి పక్కనే దీన్నీ తగిలించాడు. హసీనా అన్నం వడ్డించి, నిన్న గురువారం దర్గా నుంచి తెచ్చిన చక్కెర కాస్త పళ్లెం అంచున పెట్టింది. ఆమె దగ్గర అతను మిషను మాట ఎత్తడు. వేళ్లు పోయినప్పటి నుంచి ఆ పేరు వింటేనే ఆమెకు కళ్లనీళ్లు.

"మద్దన్న చెవి ఈడికెందుకొచ్చింది?"

"మానుకున్నాడు," అన్నాడు. కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. "మానుకోలేదు, నేనే పంపిచ్చినా. నమ్మినందుకు మోసం చేసినాడు. ఈ పొద్దు మిషను మళ్లీ బిగుసుకుపోయింది."

హసీనా చేతిలో గరిటె జారిపడింది. గబుక్కున అతని కుడిచెయ్యి అందుకుని, మిగిలిన వేళ్లను ఒక్కొక్కటే తడిమి చూసింది. దెబ్బ లేదు. ఆమె మొహం తేటపడింది.

"బేస్తవారం బేస్తవారం నేను మిషనుకు పోసొచ్చే దర్గా దీపం నూనె ఊరికే పోలేదు!"