అందరూ రండి

"మనలోనే ఎవరో వాడికి ఉప్పందిస్తున్నారు," అంది టైలరమ్మ, తలుపు గడియ పెట్టి.

ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి వెనక గదిలో, పనివాళ్ళకు సాయపడే బృందంలోని ఆరుగురూ ఉన్నారు, అందరి మొహాలూ వేలాడిపోయి ఉన్నాయి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, మడతల్లో మిగిలిపోయిన సూదులు గుచ్చుకుంటున్నాయి, చేతి తొడుగులివ్వండి అని అడిగిన పాపానికి పదకొండు మంది ఆడవాళ్ళను పనిలోంచి తీసేశారు. బుధవారం వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు చేరతారు. ఈలోగా ఆ పదకొండు మందినీ యజమాని ఎదుట నిలబెట్టి, అర్జీ ఆయన చేతిలోనే పెట్టాలి. మూడుసార్లు ప్రయత్నించారు. వీళ్ళు ఏ గేటు దగ్గర కాపు కాస్తే ఆ గేటుకు తాళం, యజమాని మరో గేటు నుంచి మాయం.

"ఎవరి మీద నీ అనుమానం అక్కా?" అంది పాస్టరమ్మ. పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య కాదు, ఆవిడే పాస్టరు.

టైలరమ్మ సూటిగా వెళ్ళి, మూల కూర్చున్న పొడుగాయన చొక్కా జేబు మీద వేలు పెట్టింది. ఆయన వచ్చి రెండు వారాలే అయింది. కుర్చీలు వేస్తాడు, గది ఊడుస్తాడు, నోరు మాత్రం విప్పడు. అదే ఆవిడకు నచ్చలేదు.

"ముప్పై ఏళ్ళ నుంచి కుడుతున్నాను. ఇక్కడో గుర్తు కుట్టి ఉండేది. దారం ఊడదీశాడు కానీ సూది బెజ్జాలు పోలేదు. గుండ్రంగా ఉంది చూడండి, లాండ్రీ వాళ్ళ గుర్తు కాదూ?"

"అవునక్కా," అన్నాడు పొడుగాయన. "అక్కడ వాచ్‌మన్‌గా చేశాను. ఆ ఆడవాళ్ళను బయటికి నెట్టి గేటు వెయ్యమన్నారు. నా వల్ల కాదన్నాను. నన్నూ తీసేశారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చాటింపు వేసుకునేంత గొప్ప పనా అది?"

"విన్నారా! వెన్న పూసినట్టు మాట్లాడుతున్నాడు!" టైలరమ్మ మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినబడుతుంది. కోపం వస్తే ఇక చెప్పక్కర్లేదు.

"తొందరపడకక్కా," అంది పాస్టరమ్మ. "మన గుమ్మానికి 'అందరూ రండి' అని బ్యానరు కట్టుకున్నాం."

"అది కుట్టింది నేనే. అందరూ అంటే మరీ అందరూ అని కాదు."

"ఆ పదకొండు మందిలో మా చెల్లెలుందక్కా," అన్నాడాయన మెల్లగా.

"యూదాకి మాత్రం చుట్టాలు లేరా?"

ఎవరూ ఆయన పక్షాన మాట్లాడలేదు. ఆయన గది తాళంచెవి బల్ల మీద పెట్టి, అడ్డంగా ఉన్న కుర్చీని గోడ వారకు జరిపి, వెళ్ళిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం టైలరమ్మ పాస్టరమ్మను తన కొట్టుకు పిలిపించింది. కుట్టుమిషను ఆపకుండా తొక్కుతూ, ఆ చప్పుడు చాటున చెవిలో చెప్పింది.

"యజమాని ఇల్లు లాండ్రీ మీదే. ఇంటి మెట్లు దిగితే బాయిలర్ పక్కన చిన్న తలుపుంది. రేపు పొద్దున ఏడింటికి అక్కడ ఉందాం. ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు."

"మనవాళ్ళకు కూడానా?"

"ఒకడు పోయినంత మాత్రాన అందరూ పత్తిత్తులనుకోకు."

మంగళవారం టైలరమ్మ పొద్దున అయిదింటి ఫోను ప్రార్థన ముగించుకుని, అందరికంటే ముందే చర్చికి వచ్చింది. ఆరున్నరకు అందరూ చేరాక ఫోన్లన్నీ కానుకల సంచిలో వేయించి, మూతి బిగించి కట్టింది. "ఎక్కడికి?" అని అడిగినవాళ్ళను గుడ్లురిమి చూసింది. పదకొండు మంది ఆడవాళ్ళూ, బృందమూ ఆవిడ వెనకే నడిచారు.

బాయిలర్ పక్క చిన్న తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. దాని ముందు ఇద్దరు గార్డులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"ఏడింటికి వస్తారన్నారు, అయిదు నిమిషాలు ముందే వచ్చారే," అన్నాడు అందులో ఒకడు వాచీ చూసుకుంటూ. "సార్ ఎప్పుడో వెళ్ళిపోయారు."

పదకొండు మందిలో ఒకామె టైలరమ్మ ముందుకొచ్చి నిలబడింది. ఆ పొడుగు చూడగానే ఎవరి చెల్లెలో తెలుస్తోంది.

"మా అన్నకు ఈ తలుపు సంగతి చెప్పారా అమ్మా?"

టైలరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడకు సిగ్గేసింది. వెంటనే భయమూ వేసింది. ఈ చోటు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆవిడ పాస్టరమ్మ వైపు చూసింది. పాస్టరమ్మ అప్పటికే ఆవిడ వైపు చూస్తోంది.

"అక్కా, నిజం చెప్పు. ఎవరితో అన్నావు?"

"నన్నే అడుగుతున్నావా?" టైలరమ్మ గొంతు లేచింది. "బైబిలు మీద ఒట్టు! ఆ దేవుడికి తప్ప ఈ మాట నేను ఎవ్వరికీ చెప్పలేదు!"

పైన కిటికీ రెక్క తెరుచుకుంది. తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు సగం బయటికి వంగి, మొహమంతా నవ్వుతో చేయి ఊపింది.

"ఆ గొంతు... పొద్దున అయిదింటికి మేమంతా కలిసే ఫోను ప్రార్థనలో మొరపెట్టే చెల్లివి నువ్వేనా? నువ్వు దేవుడితో చెప్పుకున్నదంతా ఒక్కరోజు కూడా తప్పకుండా, మా అబ్బాయికి కాఫీ ఇస్తూ పూసగుచ్చినట్టు చెబుతున్నానమ్మా, వాడి మనసు మారాలని!"